నేత్ర మోకాలు

ప్రార్థన వరుసలో ముందు నిలబడే నేత్ర ఈ ఏడాది వెనక్కు వెళ్లింది. పదమూడేళ్లకే అందరికన్నా పొడుగు. బంతి తన్నే కుడికాలికి మోకాటిచిప్ప కింద రేగుపండంత బుడిపె లేచింది. క్లాసులో ఆ కాలు చాపుకునే కూర్చుంటుంది, మెట్లు పక్కవాటంగా దిగుతుంది. అడిగితే తిమ్మిరి అంటుంది. బాగేపల్లి ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే ఈరప్ప సార్ నెలనెలా వాళ్ల ఎత్తు గోడమీద గీస్తాడు. గబగబా పెరిగే పిల్లలు గట్టినేల మీద రోజూ ఆడితే మోకాళ్లు పట్టుకుంటాయని, వాళ్లను కొన్నాళ్లు ఆపేస్తాడు. ఆదివారం చింతామణిలో జట్టు సెలెక్షన్. అందుకే నేత్ర వదులు ప్యాంటులో మోకాళ్లు కాస్త వంచి గోడకు ఆనుకుంది.

"పోయిన నెలకన్నా పొట్టయినావేమ్మా? ఇంట్లో సంగటి పెట్టేది మానేసినారా?" అన్నాడు సార్. పిల్లలు నవ్వారు.

"లేదు సార్, అంతే ఉండాను."

సార్ గీయలేదు. సుద్దముక్క పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. వంచిన మోకాలు మండింది. పెదవి కొరుక్కుని కాసేపు ఓర్చుకుంది. చివరికి ఓర్చుకోలేక మెల్లగా నిటారుగా నిలబడింది. అప్పుడు గీశాడు. పాత గీతకు వేలి మందం పైన.

"నా జెర్సీ ఎవరికిస్తారు సార్?"

"ఎవురికీ ఇయ్యను. నువ్వు మళ్లా ఆడేనాటికి అది నీకే పట్టదులేమ్మా."