సీబీడీ నూనె కోసం అబిడ్స్ దాకా

నాకు పేగుల్లో వాపు, పుండ్లు. కొన్నేళ్లుగా మాత్రలతో నెట్టుకొస్తున్నాను. ఆ మధ్య మా వికారాబాద్ చర్చిలో దేవుడు చేసిన మేలును అందరి ముందు సాక్ష్యంగా చెప్పే వేళ మరియమ్మ లేచి, సీబీడీ నూనెతో తన పేగు జబ్బు పోయిందని, మాత్రలు మానేశానని చెప్పింది. అది గంజాయి మొక్క నుంచి తీసే మందు, మత్తు ఉండదట. మా డాక్టరును అడిగాను. "కొందరికి నొప్పి తగ్గొచ్చు. పుండు మానుతుందని రుజువు లేదు. మాత్రలు మాత్రం ఆపకండి" అన్నాడు. అయినా ఆ నూనె కొనాల్సిందేనని నా భార్య ఎస్తేరు పట్టుబట్టింది. సాక్ష్యం చెప్పినవాళ్లను అనుమానించడం మా దగ్గర అలవాటు లేదు. నాకు మాత్రం అనుమానమే.

ఒకరోజు పొద్దున రైలెక్కి హైదరాబాద్‌లో నాంపల్లి స్టేషన్‌లో దిగాం. ఈ జబ్బుతో వచ్చేవాళ్లు స్టేషన్‌లోనే బాత్రూంకు వెళ్లిరావడం మేలు. బజారులో అడగడానికి నాకు సిగ్గు. అబిడ్స్‌కు ఆటో డెబ్బై రూపాయలు. ఏ దుకాణానికో చెప్పగానే డ్రైవరు అద్దంలో చూశాడు.

"ఏంది పెద్దమనిషీ, ఈ వయసుల గంజాయా?"

"మందు," అన్నాను.

"ఔ, అందరు గట్లనే అంటరు."

"నువ్వు ముందు చూసి నడుపు నాయనా," అంది ఎస్తేరు.

దుకాణం రెండో అంతస్తులో ఉంది. అమ్మే అతను ఏ ఊరని అడిగాడు గానీ డాక్టరు చీటీ అడగలేదు. నాకు అక్కడే మనసు విరిగింది.

"మాత్రలు బంద్ చెయ్యున్రి అంకుల్, ఇదొక్కటి చాలు. సీసా మూడు వేలు. జర ఫోన్ ముందట నిలబడి జబ్బు తగ్గిందని చెప్తే సగానికే ఇస్త."

"ఇంకా తాగనే లేదు గద," అన్నాను.

"తాగినంక తగ్గుతది గద. మీ ఊరి ఆంటీ సీసా మూత తియ్యకముందే చెప్పింది. చూడున్రి."

అతను చూపించిన ఫోన్ వీడియోలో మరియమ్మ. డబ్బు కోసం సంచిలో పెట్టిన చెయ్యి ఎస్తేరు తీసేసింది. "పదవయ్యా," అంది.

సాయంత్రం ఊళ్లో దిగి నేరుగా మరియమ్మ ఇంటికే వెళ్లాం. మనిషి చిక్కిపోయింది. మాత్రలు నిజంగానే మానేసిందట. మళ్లీ రక్తం పడుతోందట. "అందరి ముందట తగ్గిందని చెప్పిన. ఇప్పుడు ఏమని చెప్పాలె వదినా?" అంది. ఎస్తేరు ఆమె చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. ముగ్గురం డాక్టరు దగ్గరికి నడిచాం.

ఆమెను తప్పుపట్టలేను. సిగ్గు నాకూ తెలుసు. మా చర్చిలో సాక్ష్యం చెప్పడానికి వేళ ఉంది, వెనక్కి తీసుకోవడానికి లేదు. మీరూ ఆ నూనె కోసం బయల్దేరితే ముందు మీ డాక్టరుతో మాట్లాడి చీటీ రాయించుకోండి. చీటీ అడగని చోట కొనకండి.