టీచరమ్మకి చదివిపెట్టిన వీలునామా

మా పక్కింటి టీచరమ్మ పోయారు. పొద్దున్నే చెత్త బిన్ బయట పెడదామని గేటు దాకా వెళ్తే, ఆవిడ మేనకోడలు కారు ఆపి అద్దం దించింది. "ఆంటీ ఇందాక ఆరింటికి వెళ్లిపోయింది. బాధేం పడలేదని ఆస్పత్రివాళ్లన్నారు" అంది. 'మీ కష్టానికి బాధగా ఉంది' అని చావింట్లో ఈ ఐర్లండ్ వాళ్లు అనే మాట ఒకటుంది, పదకొండేళ్లుగా వింటున్నాను. అదే నేనూ అన్నాను. బిన్ మళ్లీ లోపలికే లాక్కొచ్చేశాను.

పోర్ట్‌లీష్ ఊరు దాటాక మా రోడ్డు మీద పక్కపక్కన ఉన్నవి మా రెండిళ్లే. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. జీవితమంతా చిన్నపిల్లలకి పాఠాలు చెప్పారు. రిటైరయ్యాక కూడా ఆ బుద్ధి పోలేదు. కౌన్సిల్ వాళ్లు పంపే కరపత్రాల్లో తప్పులు ఎర్రపెన్నుతో దిద్ది, తిరుగు పోస్టులో వాళ్లకే పంపేవారు. మా పిల్లలు వెళ్తే ఇక్కడ ప్రెస్ అని పిలిచే వంటింటి అల్మరా తలుపు తెరిచి బిస్కెట్ల డబ్బా తీసేవారు గానీ, ఒక కష్టమైన మాటకి స్పెల్లింగ్ చెప్పందే మూత తీసేవారు కాదు. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే అయినా నాకు గుర్తున్నవన్నీ తెలుగులోనే ఉన్నాయి. ఎందుకో తెలీదు.

మూడేళ్ల కిందట ఆవిడ చూపు దెబ్బతింది. పక్కనున్నవి కనిపిస్తాయి, చూడాలనుకున్నది మాత్రం కనిపించదు. అప్పుడే ఒక సాయంత్రం లావుపాటి ఫైలు పట్టుకుని మా ఇంటికొచ్చారు.

"పాత చేతిరాత చదవగలవా?"

"చదువుతానండీ. మా నాన్న దస్తావేజు లేఖరి. గొలుసుకట్టు రాతలో ఉన్న పాత కాగితాలు చిన్నప్పుడు నాచేతే చదివించేవాడు."

నేను ముసలివాళ్ల కేర్ హోంలో పని చేస్తానని తెలుసు గానీ ఈ సంగతి ఆవిడకి తెలీదు. ఇంటర్వ్యూలో ఎంపిక చేసినట్టు తలాడించి ఫైలు నా ముందుకి తోశారు.

ఆ ఫైల్లో ఉన్నది ఆవిడ వంశానికి మూలపురుషుడి వెతుకులాట. అమెరికా ఇంకా దేశం కాని రోజుల్లో ఆయన ఈ లీష్ కౌంటీ నుంచే వర్జీనియా వెళ్లాడు. ఓడ ఖర్చుకి బదులు కొన్నేళ్లు చాకిరీ చేస్తానని కాగితం రాసిచ్చాడు. పొలం దొరకగానే పిలిపించుకుంటానని భార్యకీ, చంటి కొడుక్కీ చెప్పాడు. మళ్లీ కబురు లేదు. టీచరమ్మ ఆ చంటివాడి వంశం. వాళ్లింట్లో నిలబెట్టుకోని మాటని ఇప్పటికీ 'అమెరికా మాట' అంటారట.

"సముద్రంలో పోయాడా, మమ్మల్ని వదిలేశాడా? నాకు తెలియాల్సింది అంతే" అన్నారు.

అప్పటినుంచి ప్రతి గురువారం, నా డ్యూటీ లేని రోజు, ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాళ్లం. వర్జీనియా కౌంటీ కోర్టుల పాత పుస్తకాలు కంప్యూటర్లో పెట్టారు. వీలునామాలు, పొలం రిజిస్ట్రేషన్లు, చనిపోయినవాడి ఇంట్లో సామాను జాబితాలు. నేను చదువుతుంటే ఆవిడ కళ్లు మూసుకుని వినేవారు. తెలియని అక్షరం దగ్గర ఆగిపోతే, "దాన్ని వదిలెయ్. ఆ గుమాస్తా అదే అక్షరం ఇంకెక్కడ రాశాడో చూడు" అనేవారు. మనిషి పేరు దొరకనప్పుడు నేను ఉసూరుమంటే, "కాగితంలో లేదంటే, లేడని కాదు. రాయలేదని" అనేవారు.

పోయినేడాది వసంతంలో దొరికాడు. ఆయన వీలునామానే. ఆ పేరున్నవాళ్లు బోలెడంతమంది ఉన్నా, ఆయనేనని తెలిసిపోయింది. తన పొలానికి పెట్టుకున్న పేరు టీచరమ్మ వాళ్ల ఊరి పేరు.

పొలం భార్యకి. గుర్రం పెద్దకొడుక్కి. ఈకల పరుపు కూతురికి. భార్య పేరు వేరు. పిల్లల పేర్లు వేరు.

"మావాళ్ల పేరుందా?" కళ్లు తెరవకుండానే అడిగారు.

ఒక్క పేరు కలిపి చదివితే ఆవిడకెలా తెలుస్తుంది? అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దస్తావేజు చదివేవాడు అక్షరం కలిపినా దొంగతనమేనని మా నాన్న మాట. కింద సంతకాల దాకా మళ్లీ చదివాను.

"లేదండీ."

"గ్రాండ్" అన్నారు, ఇక్కడివాళ్లు 'సరేలే' అనడానికి వాడే మాట. లేచి కెటిల్ పెట్టారు. నీళ్లు కాగినా కప్పులు తియ్యలేదు. వచ్చే గురువారం రావద్దని, ఇక చాలని చెప్పారు. నిజం చదివి మంచి చేశానో చెడు చేశానో ఇప్పటికీ నాకు తేలలేదు.

ఊరుకోలేక ఆ కౌంటీ కోర్టు రికార్డుల ఆఫీసుకి నేనే ఉత్తరం రాశాను, ఆయన పేరు ఇంకెక్కడైనా ఉందా అని. జవాబు రావడానికి చలికాలం అయింది. అప్పటికి టీచరమ్మ స్ట్రోక్ వచ్చి ఆస్పత్రిలో ఉన్నారు. మాట పోయింది. కుడిపక్క కదలదు.

పంపినవి రెండు పేజీలు, వీలునామాకి చాలా ఏళ్ల ముందునాటి కోర్టు ఉత్తర్వులు. మొదటిది: ఈ సేవకుడు యజమాని దగ్గర్నుంచి పారిపోయి, ఐర్లండ్ వెళ్లే ఓడలో దాక్కుని పట్టుబడ్డాడు, శిక్షగా ఇంకా రెండేళ్లు చాకిరీ చెయ్యాలి. రెండోది: మళ్లీ పారిపోయాడు, మళ్లీ అదే రేవులో దొరికాడు, ఇంకో మూడేళ్లు.

మధ్యాహ్నం విజిటింగ్ టైముకి పరుగెత్తుకుంటూ వెళ్లాను. ఆవిడ చెవి దగ్గర వంగి చదివాను. "ఇంటికి రావాలని చూశాడండీ. రెండుసార్లు. రానివ్వలేదు" అన్నాను. మళ్లీ మొదట్నుంచి చదివాను. ఆవిడ పైకప్పు వైపే చూస్తున్నారు. కుడికంట్లోంచి నీళ్లు కారాయి. స్ట్రోక్ తర్వాత ఆ కన్ను ఊరికే కారుతుంది. అలాంటి కళ్లు రోజూ తుడిచేదాన్ని, నాకు తెలియనిదా? అయినా ఎడమకన్ను వైపు చూశాను. అది పొడిగానే ఉంది. ఎడమచెయ్యి పట్టుకుని, "వినపడితే నొక్కండి" అన్నాను. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, అంతే. బెల్లు కొట్టేదాకా కూర్చుని వచ్చేశాను. తర్వాత నాలుగు రోజులే బతికారు.

"ఆంటీకి తెలిసిందంటావా?" అంత్యక్రియల రోజు చర్చి బయట ఆ ఉత్తర్వుల సంగతి చెబితే, మేనకోడలు నా భుజం పట్టుకుని అడిగింది. తెలిసిందని చెప్పొచ్చు. "నాకు తెలీదు" అన్నాను. ఆ రెండు పేజీలూ ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.

ఇక్కడి పల్లెల్లో సమాధి గొయ్యి పూడ్చేది ఇరుగుపొరుగువాళ్లే. అప్పటికే చినుకులు పడుతున్నాయి. ఎవరో మా ఆయన చేతికి పార ఇచ్చారు. జీవితంలో పార పట్టని మనిషి, ఆఫీసు బూట్లతో బురదలోకి దిగి, పక్కవాళ్లని చూస్తూ మన్ను తోశాడు. పని అయిపోయి అందరూ పారలు గోడకి ఆనించాక కూడా, ఆయన ఒక్కడే ఒంగి, చదునుగా ఉన్న మట్టినే మళ్లీ చదును చేస్తూ ఉండిపోయాడు.