తాలు పందెం

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవిలో, ఏప్రిల్ మొదట్లో, నరసరావుపేట బయట ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీలో మా ముఠాకు మిర్చి ఏరే పని కుదిరింది. ముఠా అంటే ఒకే మేస్త్రీ కింద పనిచేసే కూలీల జట్టు. ఆ జట్టుకు మేస్త్రీని నేను. నకరికల్లు వైపున్న మా ఊరి నుంచి రెండు ఆటోల్లో ఆడవాళ్ళను పొద్దున్నే తీసుకెళ్ళి, పొద్దువాలేసరికి క్షేమంగా తిరిగి తీసుకురావడం నా బాధ్యత. ఆ మరుసటి ఏడాది మోకాళ్ళు మొరాయించి పని మానుకున్నాను.

ఈ పని తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. కళ్ళంలో ఎండిన మిర్చి బస్తాల్లో కోల్డ్ స్టోరేజీకి వస్తుంది. ఆ బస్తాను టిక్కీ అంటాము. షెడ్డులో టిక్కీ కుమ్మరించి, ఎర్రటి కాయను ఒకవైపు, రంగుపోయి తెల్లబారిన కాయను ఇంకోవైపు వేరుచేస్తాము. ఆ తెల్లబారినదే తాలు. కొన్ని సరుకులకు తొడిమె కూడా తీయాలి. ఎవరి ముందు ఏ టిక్కీ కుమ్మరించాలో మేస్త్రీ చెబుతుంది. ఏరిన కుప్పలో చెయ్యిపెట్టి, తిరగేసి చూసి సరే అంటుంది. మేస్త్రీ పైన గుమాస్తా, ఆయన పైన యజమాని. యజమాని మాకు కనిపించేదే తక్కువ. అయితే ఆటోలో ఎవరు ఎక్కాలన్నది మాత్రం మేస్త్రీ మాటే. అందులో గుమాస్తాకు జోక్యం లేదు.

నేను నలభై దాటాక, ఊళ్ళో సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. చదవడం రాని రోజుల్లో ఎవరేం చెప్పినా ఇంకొకరిని అడిగి సరిచూసుకోవడం అలవాటు. చదవడం వచ్చాక కూడా అది పోలేదు. మా ఆడవాళ్ళు నన్ను అనుమానాల మేస్త్రమ్మ అని ఏడిపించేవాళ్ళు. "పొద్దు తూర్పున పొడిచినా, ఎవురు పంపిచ్చారబ్బా అంటది మేస్త్రమ్మ" అనేది మార్తమ్మ, ఆటో అంతా నవ్వేది.

మార్తమ్మది మా ముఠాలో అందరికంటే చురుకైన చెయ్యి. ఆమె కూతురు సలోమి ఆ ఏడు మా ఊరి బడిలో ఐదో తరగతి పూర్తిచేసింది. ఆరుకు నకరికల్లు హైస్కూల్లో చేరాలి. మా దగ్గర ఆడపిల్లల చదువు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే. ఊరి బడి అయిపోతుంది, పక్క ఊరి బడి దూరమనిపిస్తుంది, మధ్యలో ఒక వేసవి ఉంటుంది.

సెలవులివ్వగానే తల్లులు పిల్లల్ని వెంట తెచ్చుకుంటామన్నారు. ఇంట్లో వదిలితే పొద్దస్తమానం ఫోను పట్టుకుంటున్నారని వాళ్ళ బాధ. పిల్లలు బయట రేకుల పంచలోనే ఉండాలి, కుప్పల దగ్గరకు రాకూడదు అన్న షరతు మీద నేను ఒప్పుకున్నాను. కంపెనీలకు వెళ్ళే సరుకు ఉన్నచోట పిల్లలు కనపడకూడదని రూలు కూడా ఉంది. గుమాస్తా సాంబయ్య గారు ఆ రూలు చెప్పి అడ్డుపడతాడనుకున్నాను. పడలేదు. నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

అడ్డుపడకపోగా, మధ్యాహ్నం అన్నాల వేళ వచ్చి మా మధ్య కూర్చున్నాడు. గుమాస్తాలు అలా కూర్చోరు. "ఈ కాలం పిల్లలకి ఫోను తప్ప ఏం తెలుసమ్మా? మన చిన్నప్పుడు కళ్ళాల్లో ఎంత సందడి! తాలు పందేలు గుర్తున్నయ్యా?" అన్నాడు.

ఆ మాటతో ఆడవాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. "గుర్తులేకేం, ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని" అని ఒకామె అంటే, "గెలవక ఏం చేస్తావే, పక్కదాని బుట్టలో చెయ్యి పెట్టేదానివి" అని ఇంకొకామె అందుకుంది. నేనూ నవ్వాను. తాలు పందెమంటే పిల్లలకు తలో చిన్న బుట్ట ఇచ్చి కుప్ప ముందు కూర్చోబెట్టడం. ముందుగా ఎవరు తాలుతో బుట్ట నింపితే వాళ్ళకు బెల్లం ముక్క. మా అమ్మ పనిచేసిన రొంపిచెర్ల కళ్ళంలో నేను ఎన్నోసార్లు గెలిచాను. ఆ బెల్లం ఇప్పటికీ నోట్లో ఉన్నట్టే ఉంటుంది.

మర్నాడు సాంబయ్య గారు ప్లాస్టిక్ బుట్టలు తెప్పించాడు. పిల్లల దగ్గరున్న ఫోన్లు ఒక పళ్ళెంలో పెట్టించాడు. గెలిచినవాళ్ళకు పుల్ల ఐసు. మొదట్లో పంచలోనే, షెడ్డు ఊడిస్తే వచ్చిన పనికిరాని కాయతో ఆడించాడు. తల్లులు పని చేసుకుంటూ మధ్యమధ్య తొంగిచూసి మురిసిపోయేవాళ్ళు. కొన్నాళ్ళకు పంచలో ఎండ కొడుతోందని పిల్లల్ని షెడ్డు లోపలికి మార్చాడు. మరికొన్నాళ్ళకు వాళ్ళ ముందు కుమ్మరిస్తున్నది ఊడ్పు కాయ కాదు, కొత్త టిక్కీ అని గమనించాను. అడిగితే, ఊడ్పు అయిపోయింది, పిల్లలు చిన్నబుచ్చుకుంటారని పోయించానన్నాడు. అన్నిటికీ ఆయన దగ్గర జవాబుండేది, ప్రతి జవాబులోనూ పిల్లల మీద ప్రేమే ఉండేది.

రోజూ గెలిచేది సలోమి. తల్లి చెయ్యే ఆ పిల్లకు వచ్చింది. ఒకరోజు అన్నాల వేళ ఆ పిల్ల కంట్లో నలక పడింది. చేత్తో నులుముకోలేదు. తల వంచి, భుజం పైకెత్తి, జబ్బతో తుడుచుకుంది. మిర్చి ముట్టిన చెయ్యి కంటికి తగిలితే ఏమవుతుందో మాకు తెలుసు గనుక మేమంతా అలాగే తుడుచుకుంటాము. పని మానేశాక ఇప్పటికీ నేను అలాగే తుడుచుకుంటాను. ఆటకొచ్చిన పిల్ల అయితే చెయ్యి ముందు కంటికే పోవాలి. ఎన్నిసార్లు మండితే ఆ చెయ్యి ఆగడం నేర్చుకుంటుందో నాకు తెలుసు.

ఆ సాయంత్రం ఆటోలో నా చిన్నతనాన్ని మళ్ళీ తలుచుకున్నాను. బెల్లం గుర్తొచ్చింది. నా పక్కన కూర్చుని ఏరిన పిల్లల పేర్లు గుర్తొచ్చాయి. బుట్ట నిండాక దాన్ని ఎవరు తీసుకెళ్ళేవాళ్ళు, ఎక్కడ పోసేవాళ్ళు అన్నది ఎంత ఆలోచించినా తట్టలేదు. అప్పుడు ఆ ప్రశ్న మాలో ఎవరూ అడగలేదు. బెల్లం ముక్క పెట్టిన మేస్త్రీ మీద నాకు ఇన్నేళ్ళుగా ఉన్న అభిమానం కూడా ఆ ఆటోలోనే సన్నగిల్లింది.

నా అనుమానం నిజమో కాదో తేల్చుకోవాలనుకున్నాను. మర్నాడు సాంబయ్య గారు కాటా దగ్గర ఉన్న సమయం చూసి, ఈ రోజు పందెం లేదు, బయటికెళ్ళి ఆడుకోండి అని పిల్లలకు చెప్పాను. బుట్టలు అక్కడే పడేసి పరిగెత్తారు. చూస్తుండగానే ఖాళీ గోనెసంచుల్లో కాళ్ళు దూర్చి గెంతులు మొదలుపెట్టారు. సలోమి ఒక్కతే లేవలేదు.

"నా బుట్ట సగమే అయింది మేస్త్రమ్మా. నిండినాక పోతా" అంది.

కాసేపటికి సాంబయ్య గారు పరుగు లాంటి నడకతో వచ్చాడు. "ఏంది మేస్త్రమ్మా, పిల్లల ఆట ఆపావంట?"

ఆడుతూనే ఉన్నారుగా అని గోనెసంచుల వైపు చూపించాను.

"అది కాదమ్మా, సాయంత్రానికి లోడు పోవాల!" అన్నాడు. అన్న తర్వాత నా మొహం చూసి, కాటా వైపు తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ లోడులో పిల్లలు ఏరిన సరుకు ఎంత ఉందో నేను లెక్క తీయలేదు. ఆయన నోటి నుంచి వచ్చిన మాట చాలు. అప్పటికే మార్తమ్మతో ఆయన ఇంకో మాట కూడా అనేశాడని ఆ రోజే తెలిసింది. సలోమి చెయ్యి మంచిదని, బడి ఒక ఏడు ఆగితే కొంప మునగదని, ఏడాది పొడుగునా పని ఇస్తానని చెప్పాడట. మార్తమ్మ దాదాపు ఒప్పుకుంది.

సాయంత్రం ఆటో ఎక్కే ముందు, రేపటి నుంచి పిల్లలెవరూ నా ఆటోల్లో ఎక్కరని చెప్పాను. మిగతావాళ్ళు గొణిగారు. మార్తమ్మ మాత్రం నా మీదికి వచ్చింది.

"నా పిల్ల గెలుస్తుంటే నీకేంది కడుపుమంట? నువ్వు కళ్ళంలో పెరగలా? నీకేమన్నా అయిందా?"

"నలభై దాటిందాకా నా పేరు నేను రాయలేకపోయా మార్తా. అదే అయింది" అన్నాను.

"చానా చెప్పొచ్చావులే. సలోమి ఎక్కకపోతే నేనూ ఎక్కను."

ఎక్కలేదు. సాంబయ్య గారు సగం షెడ్డును వేరే ముఠాకు ఇచ్చేశాడు. మార్తమ్మ కూతురిని తీసుకుని అందులో చేరింది. పైవాళ్ళకు ఎందుకు ఫిర్యాదు చేయలేదని ఎవరైనా అడగవచ్చు. చేస్తే ఆయన మీద చర్య తీసుకునేవాళ్ళో లేదో నాకు తెలియదు, మా ఆడవాళ్ళ పని పోవడం మాత్రం ఖాయం. నా చేతిలో ఉన్నది ఆటో ఒక్కటే. దానితో సలోమిని ఆపలేకపోయానని ఆ వారమంతా అనుకున్నాను.

అయితే ఆ కొత్త ముఠా మేస్త్రీకి పందేల మీద ఓపిక లేదు. పిల్లను తొడిమెల దగ్గర కూర్చోబెట్టింది. బుట్ట లేదు, ఐసు లేదు, పోటీకి ఇంకో పిల్ల లేదు. సలోమి ఎలాగో కొన్ని రోజులు చేసింది. తర్వాత ఒక పొద్దున, పందెం లేకపోతే నేను రాను అని మంచం దిగలేదట. తల్లి తిట్టింది, కొట్టింది, అయినా కదల్లేదు. వారం తిరిగేసరికి మార్తమ్మ ఒక్కతే వచ్చి నా ఆటో ఎక్కింది. బడి తెరిచిన కొద్ది రోజులకు సలోమి ఆరులో చేరింది.

ఇప్పుడు తొమ్మిది చదువుతోంది. వీధిలో ఎదురైతే నన్ను పలకరించదు. తాను గెలుస్తున్న ఆటను నేను చెడగొట్టానన్న కోపం ఆ పిల్లకు ఇంకా ఉంది.

మా కాలంలో పిల్లలు ఫోన్లు లేకుండా ఎంత సంతోషంగా పెరిగారో అని ఇప్పటికీ నా ఈడువాళ్ళు చెప్పుకుంటుంటారు. సంతోషం అబద్ధమని నేననను, నేనూ నవ్వినదాన్నే. కానీ పిల్లలు నవ్వుతున్నారు కాబట్టి అది ఆటేనని ఇప్పుడు నమ్మను. ఒకసారి ఆపి చూస్తాను. ఆట ఆగితే పిల్లలు ఇంకో ఆట వెతుక్కుంటారు. పని ఆగితే పెద్దవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు.