పన్నెండో నంబరు దీపం

మా బాపు మందమర్రిలో బొగ్గుబాయి దీపాల గదిలో పనిచేసేవాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషి తన ఇత్తడి బిళ్ళ బాపు చేతికిచ్చి, నెత్తికి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. బిళ్ళ మిగిలిందంటే మనిషింకా కిందున్నట్టే. నా చిన్నప్పుడు ఒకరోజు ఒక బిళ్ళ మిగిలిపోయింది. బాపు కాలనీ అంతా సైకిల్ మీద గాలించి, దీపంతో సహా ఇంటికెళ్లి హాయిగా పడుకున్న ఆ మనిషిని లేపి, నాలుగు తిట్టి, అప్పుడొచ్చి అన్నం తిన్నాడు. అవ్వ, అంటే మా అమ్మ, ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతుంది.

కరీంనగర్‌లో ఎంసీఏ చివరి ఏడాది ప్రాజెక్టుకు నేను ఆ దీపాల గదినే తీసుకున్నాను. సారు వేసే మార్కుల సంగతి తర్వాత. బాపు రిటైరయ్యేలోగా ఆయన నోట "మంచిగున్నది" అనిపించుకోవాలి, అదే నా పట్టుదల.

సీ ప్లస్ ప్లస్‌లో టెంప్లేట్ క్లాసు రాశాను. ఒకటే అచ్చు, దీపానికైనా గ్యాసు చూసే మీటరుకైనా పనికొస్తుంది. దాని లోపల మనిషి వివరాల నకలు కాకుండా రెఫరెన్స్ పెట్టాను. రెఫరెన్స్ అంటే అసలు మనిషికే ఇంకో పేరు. దానికేం చేసినా ఆ మనిషికి చేసినట్టే. దీపాన్ని తయారుచేసే కన్‌స్ట్రక్టర్ లోపలికెళ్లాక తీరిగ్గా మనిషిని చూపిస్తానంటే, రాసిన కోడును తనిఖీ చేసే కంపైలర్ తప్పంటూ ఎర్ర అక్షరాలు చూపి ససేమిరా ఒప్పుకోలేదు. దీపం తయారయ్యేటప్పుడే, మొదటి వరుసలోనే చూపాలట. బాపుకు చెబితే, "మనిషెవరో తెల్వకుండ దీపమిస్తమా బిడ్డా? అది సక్కగనే అడుగుతున్నది" అన్నాడు.

తర్వాత ఒక దీపం వివరాలను ఇంకో దీపంలోకి ఎక్కించి సమానం చేయబోతే మళ్లీ ఎర్ర అక్షరాలు. రెఫరెన్స్ ఉన్న క్లాసుకు ఆ పని తాను చేయనంటుంది కంపైలర్. నాకు తిక్క రేగింది. నువ్వు చేయకపోతే నాకు చేతకాదా అని, సమానం చేసే పనిని సొంతంగా రాసి పడేశాను. ఎర్ర అక్షరాలు పోయాయి. భలే గెలిచాననుకున్నాను.

ఆదివారం పొద్దున బాపును పక్కన కూర్చోబెట్టుకున్నాను. పక్క క్వార్టర్‌లో ఉండే కాకను, అంటే బాపుకు తమ్ముడి వరసయ్యే ఆయనను, పన్నెండో నంబరు దీపంతో కంప్యూటర్‌లోనే బాయిలోకి దింపాను. ఆ దీపం పాడైందని కాకకు వేరే దీపం ఇచ్చాను. బాగు చేసిన పన్నెండో దీపాన్ని ఒక కొత్త మనిషికి మార్చాను, నేను రాసిన సమానంతోనే. ఆ తర్వాత కింద ఎవరున్నారో జాబితా తీశాను.

కొత్త మనిషి పేరు రెండుసార్లు వచ్చింది. కాక లేడు.

"కాక పైకొచ్చిండా?" అన్నాడు బాపు.

"రాలే బాపు. పన్నెండో దీపం లోపల ఇంకా కాకనే ఉన్నడు, కొత్తాయన పేరు పోయి కాక పేరు మీద పడ్డది. నేను రాసిందే తప్పు."

"మరి గా మనిషేడి?"

నేను నవ్వాను. బాపు నవ్వలేదు. అవ్వ ఇచ్చిన చాయ్ కింద పెట్టి, గోడ దగ్గరికెళ్లి, "తమ్మీ, ఉన్నవా?" అని కేకేశాడు. "ఉన్న అన్నా, ఏమైంది?" అంటూ కాక నోట్లో వేపపుల్లతో బయటికొచ్చాడు. "ఏం లే, ఉండు" అని బాపు వెనక్కి వచ్చాడు. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది.

నా సొంత సమానాన్ని పీకేశాను. ఎర్ర అక్షరాలు తిరిగొచ్చాయి.

"గీ ఎర్రదేంది?"

"ఒక మనిషి దీపం ఇంకొకరి మీదికి నేను మార్చనంటున్నది."

"ఎవరు చెప్పినా ఇనదా?"

"ఇనదు."

"మంచిగున్నది" అన్నాడు బాపు.

ఇన్నాళ్లు నేను ఎదురుచూసిన మాట కంపైలర్ కొట్టేసింది. కొంచెం కుళ్లుకున్నాను కూడా. దీపం చేతులు మారాల్సి వస్తే పాతదాన్ని తీసేసి, కొత్త మనిషిని చూపిస్తూ కొత్తది తయారు చేసేలా రాశాను. ఈసారి జాబితాలో ఇద్దరూ ఉన్నారు.

"అయిపోయింది బాపు, చాయ్ తాగు."

"ఇద్దర్ని పైకి తీస్కరా."

"ఉత్తుత్తి మనుషులే కదా!"

"తీస్కరా బిడ్డా."

ఒక్కొక్కరినీ పైకి తెచ్చాను. జాబితా ఖాళీ అయింది. బాపు కళ్లద్దాలు తీసి, చల్లారిన చాయ్ అందుకున్నాడు.