రెండో సీసా

నకిరేకల్‌లో బస్సెక్కిన ఒక అవ్వ నా పక్కన కూర్చుంది. నా ఒడిలో నీళ్ల సీసా ఉంది. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలో చేపలు రెండు రోజులుగా మేత ముట్టడం లేదు. ఆ నీళ్లు పరీక్ష చేయించడానికి హైదరాబాద్ తీసుకుపోతున్నాను. సీసా అంచుదాకా నింపాలని, దారిలో మూత తీస్తే గాలి తగిలి ఫలితం తప్పొస్తుందని అక్కడి చేపల దుకాణం ఆయన ఫోన్‌లో మరీమరీ చెప్పాడు.

"గవేం నీళ్లు బిడ్డా?"

"సముద్రం నీళ్లవ్వా," అనేశాను.

అవ్వ మొహం వెలిగిపోయింది. "నేను పుట్టి సముద్రం సూడలే. నర్సిమ్మసామి గుట్టకు పోతున్న, ఆ సామే నాకు ఎదురు పంపిండు. జర నెత్తిన సల్లుకుంట, ఇయ్యి."

సీసా దగ్గరికి లాక్కున్నాను. "నిజం సముద్రం కాదవ్వా. ఇంట్ల చేపలకని మన ఫిల్టర్ నీళ్లల్ల ఉప్పు కలిపిన."

"గా ముచ్చట చేపలకు ఎర్కనా?"

"ఎర్కలేదు."

"మరి నాకెందుకు జెప్పినవ్?" అని పకపకా నవ్వి, తీర్థానికి పట్టినట్టు కుడిచెయ్యి పట్టింది.

ఇంక మూత తీయక తప్పలేదు. నెత్తిన చల్లుకుంది, నాలుక మీద వేసుకుంది. "అబ్బో, ఉప్పే!" అని మురిసిపోయి నా నెత్తిన కూడా చల్లింది. చిట్యాలలో గుట్ట బస్సు కోసం దిగిపోయింది.

సగం ఖాళీ అయిన సీసా చూసి దుకాణం ఆయన తల పట్టుకున్నాడు. మర్నాడు మళ్లీ నిండు సీసా తీసుకుపోయాను. పరీక్షలో తేలిన లోపం సరిచేశాక చేపలు బతికాయి.

ఇప్పటికీ నీళ్ల పరీక్షకు అదే బస్సులో పోతాను, రెండు సీసాలతో. ఒకదాని మూత ఎవరడిగినా తీయను. రెండోది అడిగేవాళ్ల కోసమే.