దుఃఖమెరుగని పల్లె

నా చిన్నప్పుడు గోరంట్ల దగ్గరున్న మా పల్లెకు ఒక విదేశీ మనస్తత్వవేత్త వచ్చాడు. వెంట పత్రికలవాళ్లు రెండు జీపుల్లో దిగారు. ఊరంతా ఆయన్ని మనసు డాక్టరంది. మా అవ్వకు ఒకటే ఆశ, పక్కింటి అక్కను ఆయన ఒకసారి చూడాలని. పురుట్లో బిడ్డ పోయినప్పటి నుంచి అక్క నోరు విప్పలేదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. గడప తొక్కిన మనిషి తిని చెయ్యి కడుక్కునేదాకా ఇంటి కష్టం ఆయన ముందు పెట్టరు. అందుకే అవ్వ తెల్లవారే సంగటి కెలికి, చెనక్కాయల ఊరిబిండి నూరింది. ఆయన దుబాసీ చేత బాగున్నారా అని అడిగించాడు. బాగుండామన్నారు అందరూ. వచ్చీరాగానే ఇంకేం చెబుతారు? పత్రికాయన ఒకడు అక్క చంకలో బిందె పెట్టించి నవ్వమన్నాడు. ఆమె పెదాలు ఎలాగో కదిలించింది. ఫొటో అయిపోయింది. హిందూపురంలో సభకు పొద్దుపోతోందని జీపులు కదిలాయి. సంగటి ముద్దలు తట్టలోనే ఆరిపోయాయి.

కొన్నాళ్లకు బొరుగుల పొట్లం విప్పితే ఆ కాగితంలో మా ఊరే కనిపించింది. బడి ముఖం సరిగా చూడని నాకు పొట్లాల కాగితాలే పుస్తకాలు. ‘దుఃఖమెరుగని పల్లె’ అని పెద్దక్షరాలు, కింద బిందెతో అక్క. ఇక్కడ మనోవ్యాధులే లేవని దొరగారు మెచ్చుకున్నారట. మురిసిపోతూ పరుగెత్తాను. అవ్వ మురవలేదు. నన్ను అక్క గడప మీద కూర్చోబెట్టి మొత్తం చదవమంది.

అక్క కడదాకా విని, మెల్లగా అడిగింది.

“ఇది యా ఊరప్పా?”

అవ్వ లోపలికి పోయి, వాళ్ల కుండలోని సంగటి తానే పెట్టుకుని తింది. చెయ్యి కడుక్కుని వచ్చి అక్క పక్కన కూర్చుంది.

“నేను తినేసినా తల్లీ. ఇంగ చెప్పు.”

పొద్దు గుంకేదాకా అక్క చెబుతూనే ఉంది.

మొన్న పెనుకొండ బస్టాండులో పేపరు తెరిస్తే అదే వరస. ఇంకో విదేశీ మనస్తత్వవేత్త మన దేశానికి పదే పదే వస్తున్నాడట, ధర్మవరం మగ్గాల దగ్గర మనుషుల ప్రశాంతత చూసి ముగ్ధుడయ్యాడట. ఆయన టోపీ గురించి కూడా రాశారు. ఫొటోలో మగ్గం ముందు నవ్వుతున్న ఆడమనిషి మాట మాత్రం ఒక్కటీ లేదు. పక్కనున్న కుర్రాడు, మనోళ్లను ఎంత పొగిడినాడో చూడు తాతా అన్నాడు.

“ఆయమ్మ ఇంట్లో తిన్యాడా అబ్బా?” అన్నాను.

వాడు నన్ను వింతగా చూశాడు. చూడనీ. పెద్దక్షరాలను నేను ఈనాటికీ నమ్మను. ఎవరినైనా బాగున్నావా అని అడగాల్సి వస్తే, ముందు వాళ్లింట్లో ఒక ముద్ద తిని చెయ్యి కడుక్కుంటాను.