రెండో ప్రతివాది

ఆ రోజు లాయరుగారి ముందు కూర్చుని "చూశానండి" అన్నాను. నేనేమీ చూడలేదు. ఆ ఒక్క మాటను ఏళ్ళ తరబడి మోశాను. మోశానని చెప్పుకోవడం కూడా సరికాదేమో. అసలు బరువు మోసింది వేరేవాళ్ళు.

మాది పర్చూరు దగ్గర పల్లె. మేము క్రైస్తవులం. నాకు ఎరువుల కొట్టుంది, కాస్త మిరప సాగుంది. నా భార్య చర్చిలో పాడేది. పాటలు నేర్పేది మా చర్చి బడిలో పనిచేసే మాస్టారు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాసిందే చాలు.

శనివారం సాయంత్రాలు పాటల అభ్యాసం. నేను కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ ఉండేవాణ్ణి. చర్చి మైకు అక్కడిదాకా వినపడేది. ఆయన పల్లవి ఎత్తుకునేవారు, ఈమె అందుకునేది. ఎక్కడైనా తప్పితే ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు కూడా మైకులో వచ్చేది. అలాంటి నవ్వు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. ఎందుకు వినలేదు? ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోవాల్సింది. వేసుకోలేదు. ఇంటికొచ్చి, కూరలో ఉప్పెక్కువైందని కంచం తోసేసేవాణ్ణి. చర్చికి ఏ చీర కట్టుకుందో చూసేవాణ్ణి. ఆమె ఫోను వెదికేవాణ్ణి. పాటల చరణాలు తప్ప ఏమీ దొరికేవి కావు, దొరకనందుకు ఇంకా మండిపోయేవాణ్ణి.

చివరికి ఆమె పొన్నూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఇద్దరం ఇష్టపడే విడిపోదాం, ఎవరి మీదా మచ్చ వద్దు అని పెద్దమనుషులతో కబురు పంపింది.

నేను ఒంగోలులో లాయరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. క్రైస్తవుల విడాకులకు చట్టం వేరట. ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలంటే ముందు రెండేళ్ళు విడిగా ఉండి ఉండాలి. వేశాక కూడా మనసు మార్చుకోవడానికి కనీసం ఆరు నెలలు గడువు.

"అంతకాలం ఆగలేనండి. వేరే దారి లేదా?"

"అక్రమ సంబంధం అని మీరొక్కరే వెయ్యొచ్చు. కానీ మీ చట్టంలో ఓ మెలికుంది. ఆ మగవాడి పేరు చెప్పి, అతన్నీ కేసులో చేర్చాలి. ఆమె మొదటి ప్రతివాది, అతను రెండో ప్రతివాది. ఊరికే అనుమానమంటే కుదరదు. మీరు చూశారా?"

నేను బల్ల మీది పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను.

"మిర్చి బేరమా ఏంటండీ, ఇంతసేపు ఆలోచిస్తారు? చూశారా, లేదా?"

"చూశానండి."

"ఎక్కడ?"

"చర్చి వెనక గదిలో."

ఆ గదిని కూడా నేనే కల్పించాను. ఆగలేననడం కూడా అబద్ధమే. ఆగగలను. ఆమె ఏ మచ్చా లేకుండా వెళ్ళి, ఇంకెక్కడో మళ్ళీ అలా నవ్వుతుందన్న ఊహే నేను ఓర్వలేకపోయింది. నాకు కావాల్సింది విడాకులా, ఆ నవ్వు ఆగిపోవడమా? అంతా నిజమని ప్రమాణం చేసి సంతకం పెట్టాను.

సమన్లు మాస్టారికి బడిలో, పిల్లల ముందే అందాయి. ఆదివారానికల్లా ఊరంతా తెలిసింది. చర్చి పెద్దలు ఆయన్ని ముందు పాటల నుంచి, తర్వాత బడి నుంచి తప్పించారు. ఆయన భార్య వీధిలోకి రావడం మానేసింది. కొన్నాళ్ళకు దర్శి వెళ్ళిపోయారు. నేను సంతోషించాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ సంతోషించాను.

కోర్టులో బోనెక్కాల్సిన రోజు దగ్గరపడేసరికి భయమేసి కేసు వెనక్కి తీసుకున్నాను. ఈలోగా రెండేళ్ళు నిండాయి. ఇద్దరం కలిసి పిటిషన్ వేశాం, గడువు గడిచింది, విడాకులొచ్చాయి. నేను చెప్పింది అబద్ధమని మాత్రం ఎక్కడా తేలలేదు. "కళ్ళారా చూసి కూడా పరువు కోసం వదిలేశాడు, పెద్దమనసు" అన్నారు ఊళ్ళో. ఆ పొగడ్తను నేను కాదనలేదు.

ఈమధ్య మా చిన్నాన్న కొడుకు కొట్టుకొచ్చాడు. "అన్నా, విడాకులకి ఎట్లా వెయ్యాలో నీకు తెలుసుగా. దానికి బుద్ధొచ్చేట్టు వెయ్యాలి, చెప్పు" అన్నాడు. వాడి కళ్ళల్లో మంటను గుర్తుపట్టాను. అది నాదే. "ఆగరా" అన్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు నా అబద్ధం సంగతి చెప్పాలి.

మర్నాడు దర్శి వెళ్ళాను. అబద్ధమాడానని ఒప్పుకుంటుంటే మాస్టారు వాకిట్లోనే నిలబెట్టి విన్నారు. బాగా ముసలివారైపోయారు.

"ఇది నాకు చెప్తారేంటండీ? నాకు తెలుసుగా. తెలియనివాళ్ళకు చెప్పండి" అని లోపలికెళ్ళి తలుపేసుకున్నారు.

ఆమెకు ఫోను చేద్దామనుకున్నాను. ఆమెకూ తెలుసు కదా. క్షమించానన్న మాట వినాలన్న ఆశ కాకపోతే ఏముంది అందులో? మానేశాను.

మా చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలుంటాయి. దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. ఆ ఆదివారం ఒకామె కొడుక్కి జ్వరం తగ్గిందని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. తర్వాత నేను లేచాను. మాస్టారి పేరు, ఆమె పేరు స్పష్టంగా పలికాను. "ఆ గదిలో నేనేమీ చూడలేదు. వాళ్ళ తప్పేమీ లేదు. అసూయతో అబద్ధమాడాను" అన్నాను. అలవాటుగా స్తోత్రం అనబోయిన గొంతేదో సగంలో ఆగిపోయింది. పాస్టరుగారు తల దించుకున్నారు.

ఆడవాళ్ళ వైపు నుంచి మా పెద్దమ్మ, అందరికీ వినపడేట్టు, "ఛీ" అంది.

ఇన్నేళ్ళకు ఆ మాట రావాల్సిన మనిషి మీదికి వచ్చింది. నేను కూర్చున్నాను. ఊపిరి ఆడింది.